ఆ కోడిగీతల గుట్టు విప్పిన ఇద్దరికీ థ్యాంక్స్

మొన్న కనబడినవాళ్లందరికీ చూపించి విసిగించానే, ఆ పాత జర్మన్ రాత ఫోటో, అందులో ఏముందో మొత్తానికి తేలిందండీ.

మా ఆయన వాళ్లది ఫ్రాంక్‌ఫర్ట్. వాళ్ల పూర్వీకుల్లో ఒక దర్జీ ఉన్నాడు, ఆయన అక్కడే పుట్టాడనుకుని రెండేళ్లు ఆ ఊరి చర్చి రిజిస్టర్లలో జ్ఞానస్నానాలన్నీ వెతికాను. ఎక్కడా లేడు. మా వీధిలో ఉండే నెల్లూరు అక్కే, "బయటి ఊరి నుంచి వచ్చినవాడేమో, బ్యుర్గర్‌బూఖ్ చూశావా?" అంది. అక్కా, ఆ ఒక్క మాటకి నీకు రుణపడిపోయాను.

బ్యుర్గర్‌బూఖ్ అంటే ఊరి పౌరుల పుస్తకం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1311 నుంచి రాశారు. ఆ రోజుల్లో ఊళ్లో కాపురం ఉన్నంత మాత్రాన పౌరుడైపోరు, డబ్బు కట్టాలి, ప్రమాణం చేయాలి, పేరు రాయించుకోవాలి, సొంతంగా దర్జీ కొట్టు పెట్టుకోవాలన్నా మామూలుగా ఆ హక్కు ఉండాల్సిందే. అందుకే బయటినుంచి వచ్చినవాడైతే ఏ ఊరివాడో కూడా రాసేవాళ్లు, మనకి కావాల్సింది అదే కదా! (నౌకర్లు, కూలీలు మాత్రం ఇందులో దాదాపు దొరకరు, ముందే చెప్తున్నా.)

ఇక అందులో ఆయన గురించి రాసింది చదవడం, మీకు చూపించిన ఫోటో దానిదే. కుర్రెంట్ అనే ఆ పాత జర్మన్ చేతిరాతలో "e" అక్షరం అచ్చం "n"లా ఉంటుంది, నావల్ల కాలేదు. కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని పది నిమిషాల్లో చదివేశారు: 1741, దర్జీ, బుట్స్‌బాఖ్ అనే ఊరి నుంచి, చనిపోయిన ఇక్కడి దర్జీ ఒకాయన భార్యని పెళ్లాడాడు. నెల దగ్గర "8బిఆర్" అని ఉంటే ఎనిమిదో నెల కదా అని నేను ఆగస్టు రాసుకున్నా. ఆవిడ పగలబడి నవ్వారు. లాటిన్‌లో ఆక్టో అంటే ఎనిమిది, కాబట్టి అది అక్టోబరట!

బుట్స్‌బాఖ్ చర్చి పుస్తకంలో వారంలోపే దొరికాడు, నాన్న నేతగాడు.

అన్నట్టు, అప్పట్లో చాలా ఊళ్లలో పౌరసత్వం కావాలంటే సక్రమ సంతానమని సొంతూరి నుంచి కాగితం తేవాలట. నా బర్త్ సర్టిఫికెట్ కోసం మా తమ్ముడు ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

టీచరమ్మకి తెలుగు రాదు, ఇది నేనే చదివి వినిపిస్తా. ఆదివారం పులిహోర కూడా పట్టుకెళ్తున్నా, కారం తగ్గించి.