ఆ కాగితాలకు ఒక పొడి గది కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా నల్లగొండలో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. 14 ఏళ్లుగా పింఛను డబ్బులతో ఊరూరు తిరుగుతూ చెరువు కట్టల మీద, పాత గుళ్ల ముందర, పొలం గట్ల దగ్గర ఉన్న శాసనాలకు అచ్చులు తీస్తున్నారు. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. ఆరినాక పైపైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. నేను 30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. కానీ 800 ఏళ్ల కిందటి మన తెలుగును రాతిమీద వేలు పెట్టి చదివింది మాత్రం ఆయన పక్కన కూర్చున్నప్పుడే.

సర్వీసంతా సేత్వార్లు, ఖాస్రా పహాణీల్లాంటి పాత భూమి రికార్డులు, నక్షాలు (ఊరి భూముల పటాలు) చూసిన మనిషి. శాసనంలో దానమిచ్చిన మడి హద్దులు వస్తే వాగు ఎటుంది, తూము ఎటుంది అని నక్షాతో పోలుస్తారు. రికార్డుల్లో 'బేచిరాగ్' అని రాసిన ఊళ్లుంటాయి. దీపం పెట్టే మనిషి లేని ఊళ్లన్నమాట. అట్లాంటి ఊరి పేరు ఒక శాసనంలో కనపడిన రోజు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం గురించి నాకు బెంగ లేదు. వాటిని చూసుకునేవాళ్లున్నారు. పిల్లలమర్రిలో 1208లో గుడి కట్టించిన ఎరకసానమ్మ పేరు ఇవాళ మనకు తెలుసంటే అక్కడి శాసనం నిలిచింది కాబట్టే. టెన్షనంతా ఏ జాబితాకూ ఎక్కని రాళ్ల గురించే. నిరుడు ఎండాకాలం ఒక ఊరికి వెళ్తే, నాలుగేళ్ల కింద ఆయన అచ్చు తీసిన రాయి రెండు ముక్కలై పడి ఉంది. పైన చెక్కిన సూర్యచంద్రులను చూసి నిధి గుర్తనుకుని రాత్రిపూట ఎవరో తవ్వారట. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం నిలవాలని చెక్కించిన గుర్తు అది! ఇంకో ఊళ్లో గుడికి రంగులేస్తూ శాసనం మీద కూడా దట్టంగా ఎనామిల్ పూశారు.

ఆ రెండు రాతలూ ఇప్పుడు ఆయన ఇంట్లోని కాగితం చుట్టల్లోనే పూర్తిగా ఉన్నాయి. రెండేళ్ల కింద స్లాబు కారి కొన్ని చుట్టలు తడిసి ముద్దయ్యాయి. ఆయనకు 72 దాటింది. కాగితాలు భద్రపరచమని ఒక ఆఫీసులో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాం, జవాబు లేదు. నాగార్జునసాగర్ నీళ్లలో ఏలేశ్వరం మునిగింది. మునగకముందే అక్కడ తవ్వి, ఉన్నవన్నీ రాసిపెట్టారు కాబట్టే ఇవాళ ఆ ఊరి చరిత్ర చెప్పుకోగలుగుతున్నాం.

ఆయనకు శాలువాలు కప్పినవాళ్లందరికీ దండం. ఇప్పుడు కావాల్సింది పానగల్లు మ్యూజియంలోనో జిల్లా గ్రంథాలయంలోనో ఒక పొడి గది, ఒక స్కానర్, చదువుకున్న ఇద్దరు పిల్లలు. ఏ అచ్చు ఏ ఊరిదో, ఏ సర్వే నంబరులోదో దగ్గరుండి రాయిస్తానని ఆయనే అంటున్నారు. పంచాయతీ కార్యదర్శులు తమ ఊళ్లో రాతలున్న రాళ్లను ఫొటో తీసి రిజిస్టరులో ఎక్కించేలా కలెక్టర్ గారు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. గుళ్లకు రంగులేసే ముందు ఆ రిజిస్టరు చూడాలని అందులోనే చెప్పాలి.

గది మాత్రం ఈ వానలు మొదలయ్యేలోపే కావాలి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, నల్లగొండ