నేలపట్టు కట్ట మీద మైకులు వద్దు

సంపాదకులకు నమస్కారం.

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండగ కబురు వినగానే మా ఇంట్లో పిల్లలకు సంబరం, నాకు టెన్షన్. మాది దొరవారిసత్రం మండలం. పక్షులు గూళ్లు కట్టే నేలపట్టు చెరువు కింద కొద్దిగా మాగాణి ఉంది. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీళ్లు పారితే పైరు ఏపుగా వస్తుందని మా పెద్దలు చెప్పేవాళ్లు. మేమూ చూస్తున్నాం. అందుకే ఇక్కడి రైతులు ఆ పక్షుల జోలికి పోరు.

పండగ ఫ్లెమింగోల పేరు మీద జరుగుతుంది. అవి పులికాట్ సరస్సుకు మేతకు వస్తాయి. గుడ్లు పెట్టేది గుజరాత్‌లో, కచ్ రణ్‌లో బురద దిబ్బలు కట్టుకుని. ఇక్కడ నేలపట్టులో కాపురం పెట్టి పిల్లల్ని సాకేది గూడబాతులు (పెలికాన్లు). వానలకు చెరువు నిండితే అక్టోబరు నుంచి దిగుతాయి. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద పుల్లలతో గూళ్లు అల్లుతాయి. చుట్టూ నీళ్లుంటే అడవిపిల్లుల బెడద తక్కువ. అవే చెట్ల మీద నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా. గూడబాతుల్లో ఆడా మగా వంతులేసుకుని నెల రోజులు పొదుగుతాయి. పెంగ్విన్ గుడ్డును పాదాల మీద పెట్టుకోవడం టీవీలో చూసి మన పిల్లలు ఆశ్చర్యపోతారు. మన గూడబాతూ గుడ్లకు వెచ్చదనం ఇచ్చేది కాళ్ల పొరలతోనే.

సంక్రాంతి వెళ్లేసరికి చాలా గూళ్లలో పిల్లలుంటాయి, కొన్నిటిలో ఇంకా గుడ్లే. పుట్టిన పిల్లకు ఒంటి మీద నూగు కూడా ఉండదు. పెద్ద పక్షి నీడ లేకపోతే ఎండకు తాళలేదు. కాస్త ఎదిగాక తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పండగకు జనం వచ్చి పడతారు. పోయినేడాది ఒక గుంపు కట్ట మీద పాటలు పెట్టి డ్రోన్ ఎగరేసింది. పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి తిరిగి దిగేలోపే కాకులు వాలాయి. నా కళ్లముందే ఒక కాకి గుడ్డును పొడిచేసింది. బెదిరి అంచుకు జరిగిన పిల్ల ఒకటి నీళ్లలో పడింది. మళ్లీ గూటికి ఎక్కే దారి దానికి లేదు.

పండగ మానేయమని నేననను. సూళ్లూరుపేటలో చిన్న వ్యాపారులకు నాలుగు డబ్బులొస్తాయి, బడిపిల్లలు పక్షుల్ని చూస్తారు. స్టేజీ, మైకులు అక్కడే ఉంచండి. ఫ్లెమింగోల కోసం వచ్చినవాళ్లను పులికాట్ ఒడ్డుకు తీసుకెళ్లండి. నేలపట్టుకు మాత్రం బస్సులు దూరంగా ఆపి, కొద్దికొద్దిమందినే నడిపించి తీసుకురండి. హారన్ కొట్టనివ్వొద్దు, డ్రోన్ ఎగరనివ్వొద్దు. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన చోటుకు ఈ మాత్రం కట్టుబాటు ఎక్కువేమీ కాదు.

ఈసారి ఏర్పాట్లు ఖరారు చేసేముందు అధికారులు ఒక్క పూట మా ఊళ్ల వాళ్లతో కూర్చోవాలి. కట్ట మీద కాపలాకు మా కుర్రాళ్లను నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రైతు, దొరవారిసత్రం మండలం