పాత మోటారు సైకిళ్ళ అభిమానుల సంఘం, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను నియమావళి ప్రకారం సభ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో, ఆదివారాలు మన మరమ్మతు షెడ్డులో ఏం చేస్తామో మీకు తెలిసిందే కనుక ఆ సంగతులు మళ్ళీ చెప్పడం లేదు. ఈ ఏడాది ముఖ్యంగా చెప్పుకోవలసినవి బుడమేరు వరద, అందులో మునిగిన మన సభ్యుల బళ్ళు, వాటిలో విశ్రాంత ఉపాధ్యాయులైన మాస్టారి జావా మోటారు సైకిల్. నివేదికలో ఎక్కువ భాగం వాటికే పోయింది. మిగిలిన కార్యక్రమాలను భుజాన వేసుకుని నడిపిన మిత్రులు అన్యథా భావించవద్దని మనవి.

2024 జూలై 14న, అంటే ఆ నెల రెండో ఆదివారం, దేశమంతటా జావా, యెజ్డీ యజమానులు జరుపుకునే జావా దినోత్సవాన్ని మనమూ జరుపుకున్నాం. ఉదయం ఆరు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర బయల్దేరిన పంతొమ్మిది బళ్ళూ కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఎక్కి, దిగి, ఒక్కటి కూడా ట్రాలీ ఎక్కకుండా ఇంటికి చేరాయి. బుల్లెట్ మిత్రులు తమ పండగ కాకపోయినా వెంట వచ్చారు. టిఫిన్ల ఖర్చు భరించిన గుంటూరు సభ్యునికి కృతజ్ఞతలు. ఆగస్టులో పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ కోసం కరెంటును తెంచే స్విచ్చు), ట్యాపెట్లు (వాల్వులను ఎత్తే భాగాలు) సరిచేసుకోవడంపై ఒక శిక్షణ తరగతి పెట్టాం. పేర్లు ఇచ్చినవారు ముప్పై మంది, వచ్చినవారు తొమ్మిది మంది.

ఆగస్టు 31న కురిసిన కుండపోత వానకు, బుడమేరు కట్టకు పడిన గండ్లకు సెప్టెంబరు 1 ఆదివారం నాటికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. గండ్లు పూడ్చడానికి సెప్టెంబరు 7 వరకు పట్టింది. ఆ వారమంతా మనలో ఎవరూ బండి మాట ఎత్తలేదు. పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు, మందులు ట్రాక్టర్ల మీద చేరవేయడంలోనే ఉన్నాం. నీరు తీసిన తర్వాత లెక్క చూసుకుంటే మన సభ్యులవి పదకొండు పాత బళ్ళు మునిగాయని తేలింది: ఆరు బుల్లెట్లు, రెండు యెజ్డీలు, ఒక రాజ్‌దూత్, ఒక ఆర్ఎక్స్ 100, మాస్టారి జావా.

అందరికీ ఫోన్లో చెప్పిన మాట ఒకటే. కిక్కు కొట్టవద్దు, తాళం తిప్పవద్దు, బ్యాటరీ వైరు ఊడదీసి, ప్లగ్గు విప్పి, బండిని అలాగే ఉంచండి అని చెప్పాం. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. సిలిండర్లో నీరుండగా పిస్టన్‌ను బలవంతంగా పైకి తెస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, లోపల చేరిన ఒండ్రు బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, గీరేస్తుంది. ఒక సభ్యుడు ఆత్రం కొద్దీ తన బుల్లెట్‌ను గేరులో వేసి తోయించారు, రాడ్డు వంగింది. ఆ బండి ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. మిగిలిన ఐదు బుల్లెట్లలో ఆయిల్ దించితే పాలెక్కువైన టీ లాగా వచ్చింది. డీజిల్ కలిపిన చౌక ఆయిల్‌తో మూడేసి సార్లు కడిగి, ఫిల్టర్లు మార్చి, హబ్ బేరింగుల్లో మట్టి తీసి, దసరా నాటికి ఐదింటినీ నడిపించాం. చిన్న బళ్ళు నాలుగూ దీపావళికి ఇళ్ళకు వెళ్ళాయి.

ఇక జావా సంగతి. మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా కర్మాగారంలో 1968లో తయారైన 250 సీసీ బండి అది. మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కుని, పదవీ విరమణ వరకు బడికి దాని మీదే వెళ్ళారు. సింగ్‌నగర్‌లో వారి ఇంటి వరండాలో అది హ్యాండిల్ దాకా నీటిలో ఎనిమిది రోజులు ఉంది. సెప్టెంబరు 10న ఆయనే ఫోన్ చేసి, "బాబూ, ఒక్కసారి కిక్కు కొట్టి చూడమంటావా?" అని అడిగారు. "మాస్టారూ, దయచేసి దాన్ని ముట్టుకోకండి, మేమే వస్తాం" అన్నాను. మర్నాడు ట్రాలీ ఆటోలో షెడ్డుకు తెచ్చాం. ఆ రోజు మోకాలి లోతు బురదలో బండిని వీధి చివరి దాకా మోసిన నలుగురు సభ్యులకు సభ తరఫున ధన్యవాదాలు.

టూ స్ట్రోక్ బండిలో పెట్రోలు, గాలి క్రాంకు పెట్టె (పిస్టన్ కింద ఇరుసు తిరిగే గది) గుండానే వెళతాయి కనుక మునిగినప్పుడు నీరు కార్బురేటర్, సైలెన్సర్ల దారిన నేరుగా క్రాంకు బేరింగుల దాకా చేరుతుంది. మేము విప్పేసరికి పిస్టన్ సిలిండర్లో పట్టేసి ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిల్, కిరోసిన్ పోసి పన్నెండు రోజులు నానబెట్టాం. రోజూ సాయంత్రం ఒకరు వచ్చి చెక్క దిమ్మతో మెల్లగా తట్టి, మళ్ళీ పోసి వెళ్ళేవారు. పదమూడో రోజున వెంట్రుకవాసి కదిలింది. సుత్తితో బాదితే ఒక్క పూటలో ఊడేదని సలహా ఇచ్చినవారు ఉన్నారు. అలా చేసి ఉంటే సిలిండర్ రెక్కలు విరిగేవి, అవి మళ్ళీ దొరికే వస్తువులు కావు. ఐడియల్ జావా వారు 1973 నుంచి యెజ్డీ పేరుతో బళ్ళు అమ్మి, 1996లో కర్మాగారం మూసేశారు. 2018లో జావా పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది కానీ, ఆ కొత్త బళ్ళ విడిభాగాలు మన పాత బళ్ళకు సరిపోవు. అందువల్ల పాత సరుకు నిల్వ చేసిన దుకాణాల మీద, కొత్తగా పోత పోయించే కొద్దిమంది మీద మనం ఆధారపడక తప్పడం లేదు.

ఈ ఇంజన్ మూల బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75. మాస్టారి సిలిండర్ అప్పటికే రెండుసార్లు బోరింగ్ అయి 65.50 దగ్గర ఉంది. దాన్ని 65.75కి తీయించి కొత్త పిస్టన్, రింగులు వేశాం. క్రాంకు పిన్నును ప్రెస్సులో ఊడదీసి, కొత్త బేరింగు వేసి, మళ్ళీ బిగించి, డయల్ గేజి పెట్టి అది వంకర లేకుండా తిరుగుతోందా అని చూసే పని ఆటోనగర్‌లోని ఒక లేత్ మేస్త్రీ గారు చేసిపెట్టారు. గేజి ముల్లు 0.03 మిల్లీమీటర్ల లోపు నిలిచేదాకా రాగి సుత్తితో కొడుతూ, తిప్పుతూ, మళ్ళీ కొడుతూ మూడు గంటలు కూర్చున్నారు. ఆయన కూలి పుచ్చుకోలేదు. "మాస్టారు నాకు ఎక్కాలు నేర్పారు" అన్నారు. ఆరు వోల్టుల డైనమోను విప్పి, తీగ చుట్లను నాలుగు రోజులు ఎండబెట్టి, కొత్త కార్బన్ బ్రష్‌లు వేశాం. ఫీలర్ గేజితో పాయింట్ల ఎడం 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాం.

2025 జనవరి 26, ఆదివారం, జెండా ఎగరేసి వచ్చాక ఏడో కిక్కుకు బండి అందుకుంది. ఆ సంతోషం పావుగంటే నిలిచింది. సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది, పన్నెండు నిమిషాలకు ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. కాసేపటికి కొడితే మళ్ళీ అందుకుని, మళ్ళీ ఆగింది. రెండూ ఒకే లోపం అనుకుని మేము పొరబడ్డాం. పొగకు కారణం రెండో వారం దొరికింది. గేరు బాక్సులో ఆయిల్ మట్టం తగ్గుతోంది. క్లచ్ వైపు క్రాంకు సీలు (ఆయిల్ ఇంజన్‌లోకి రాకుండా ఆపే వలయం) అంచు తెగి, ఇంజన్ ప్రతి పీల్పుకీ ఆ ఆయిల్‌ను లోపలికి లాక్కుంటోంది. ఆ సీలు బిగించింది నేనే. షాఫ్టు మీది కీ గాడి అంచుకు కాగితం చుట్టకుండా తొడిగాను, అక్కడే తెగింది. కొత్త సీలు వేశాక పొగ ఆగింది, కానీ బండి ఆగడం మాత్రం ఆగలేదు. కండెన్సర్ మార్చాం, కాయిల్ మార్చాం, ప్లగ్గు మార్చాం, కార్బురేటర్‌ను మూడుసార్లు విప్పి జెట్లు ఊదాం. ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో ఆదివారం ఎనికేపాడు దాకా నడిపి చూడగా అక్కడ ఆగిపోయింది. వెనుక వచ్చిన మన పాలిటెక్నిక్ విద్యార్థి సభ్యుడు పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పగానే "హుస్" మని గాలి లోపలికి పోయిన శబ్దం వినపడింది. మొదటి కిక్కుకే బండి అందుకుంది. మూతలో గాలి పోవడానికి ఉండే సన్నటి రంధ్రాన్ని వరద మట్టి పూడ్చేసింది. పెట్రోలు దిగుతున్నకొద్దీ ట్యాంకులో గాలి పలుచనై, చివరికి చుక్క దిగడం మానేస్తోంది. ట్యాంకును కడిగాం, లోపల తుప్పు తీశాం, మూతను మాత్రం తుడిచి పక్కన పెట్టాం. సన్నని రాగి తీగ పెట్టి పొడిస్తే బియ్యపు గింజలో సగమంత మట్టి ఊడిపడింది. వేడెక్కాక ఆగిపోయే బండిని ఎవరు తెచ్చినా ఇకపై మొదట ట్యాంకు మూత తిప్పి వినాలని షెడ్డు గోడ మీద రాయించాం.

మార్చి 30, ఉగాది నాడు బండిని మాస్టారింటికి తీసుకువెళ్ళాం. ఆయన ముందుగా ట్యాంకు ఎడమ వైపు చెయ్యి పెట్టి తడిమి, "సొట్ట తీయలేదు కదా?" అని అడిగారు. మాస్టారి భార్య, అమ్మగారు, ఆ సొట్ట తీయవద్దని ముందే ఫోన్ చేసి చెప్పారు కనుక మేము దాని జోలికి పోలేదు. గేరు రాడ్డును లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే అదే కిక్కు రాడ్డు కావడం ఈ బండి ప్రత్యేకత. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో మాస్టారు చూడకుండానే కాలితో ఆ పని చేసి, రెండో కిక్కుకు స్టార్ట్ చేసి, వీధి చివరి దాకా వెళ్ళి వచ్చారు. మా పదిమందికీ అమ్మగారు ఉగాది పచ్చడి, పులిహోర పెట్టారు. సంఘం పెట్టిన నాటి నుంచి ఇంతకన్నా గర్వంగా చెప్పుకోదగిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ బండి కాగితాల విషయంలో మాత్రం మనం ఇంకా గెలవలేదు. ఆర్సీ పుస్తకం వరదలో తడిసి ముద్దయింది. డూప్లికేట్ కోసం ఫారం 26, పోలీసు ఫిర్యాదు ప్రతి, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు సమర్పించాం. సంబంధిత కార్యాలయానికి ఆరుసార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ కొత్త కాగితం ఒకటి అడిగారు, ఒకసారి మనమిచ్చిన ఫైలే కనపడలేదన్నారు. వరదలో సర్వం పోగొట్టుకున్న వృద్ధుణ్ణి ఇన్నిసార్లు తిప్పడం న్యాయం కాదని సభ తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాను. యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. దానికి ఇరవై వేల రూపాయల రుసుము, నంబరులో 'వీఏ' అక్షరాలు, పదేళ్ళ గడువు ఉన్న మాట నిజమే. కానీ ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ పనులకు బండి తీయరాదు. మాస్టారు రైతు బజారుకు వెళ్ళాలంటున్నారు. అందుకే మామూలు పద్ధతిలో ఐదేళ్ళ పునరుద్ధరణకే ప్రయత్నిస్తున్నాం.

సభ్యులకు మరో సూచన. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది, పాత రబ్బరు, కార్కు సీళ్ళను పాడుచేస్తుంది. నెలల తరబడి బండి తీయనివారు ట్యాంకు, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ ఖాళీ చేసి ఉంచండి. వరదలో మునగని బళ్ళు మూడు ఈ కారణంగానే షెడ్డుకు వచ్చాయి.

ఇక చెప్పక తప్పని మాట. మన సభ్యులు ఎనభై ఆరుగురు. వరద తర్వాత ఇరవై ఎనిమిది ఆదివారాలు షెడ్డు తెరిస్తే, ఆరుగురికి మించి వచ్చినవి ఐదే. మాస్టారి బండి ఫొటో గ్రూపులో పెట్టినప్పుడు అరవై మంది అభినందించారు, అందుకు సంతోషమే. కానీ ఇంజన్ దించిన రోజున పట్టుకోవడానికి మూడో మనిషి లేక టీ కొట్టు అబ్బాయిని పిలవవలసి వచ్చింది. రాలేమని ముందే చెప్పినవారిని నేను తప్పుపట్టను. వస్తామని చెప్పి రానివారి వల్ల ఆ రోజు పని మొత్తం ఆగుతోంది.

ఆదాయ వ్యయ పట్టికను కోశాధికారి గారు తయారు చేయగా ఆడిటర్ గారు సరిచూసి సంతకం చేశారు. ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి. వరద బళ్ళ ఖర్చు విరాళాలతోనే గడిచింది, నిల్వ నిధిని తాకలేదు. ఇరవై ఒక్క మంది చందా బకాయి ఉన్నారు. దయచేసి ఈ రోజే చెల్లించగలరు.

లేత్ మేస్త్రీ గారికి, ట్రాలీ ఆటో సోదరునికి, మైసూరు నుంచి సీళ్ళు, గ్యాస్కెట్లు అడిగిన రెండో రోజే పంపిన దుకాణదారుకు, సీటు కుట్టిన పెద్దాయనకు, నాలుగేళ్ళుగా అద్దె పెంచకుండా షెడ్డు ఇచ్చిన యజమానికి, పద్దు రాసుకుని టీలు పంపిన వీధి చివరి అక్కకు, ఆదివారాలు మాకు వదిలిపెట్టిన మా కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది. మూత కనిపెట్టిన విద్యార్థి సభ్యునికి ఒక స్పానర్ల సెట్టు బహూకరించాలని కార్యవర్గం నిర్ణయించింది. అధ్యక్షుల వారు దానిని ఈ సభలోనే అందజేస్తారు.

రాడ్డు వంగిన బుల్లెట్, తెనాలి సభ్యుని యెజ్డీ ప్రస్తుతం షెడ్డులో ఉన్నాయి. బుల్లెట్ ఇంజన్ వచ్చే ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు దించుతున్నాం. కనీసం నలుగురు కావాలి. వచ్చేవారు సభ ముగిశాక నా దగ్గర పేరు రాయించగలరు.

ఇట్లు,
కార్యదర్శి