ఆ రోజు హెల్ప్‌లైన్‌లో నా ఫోన్ ఎత్తిన అక్కకి

మీ పేరు నేను అడగలేదు, మీరూ చెప్పలేదు. అంతకుముందు సాయానికి వెళ్లిన చోట నా ఎనిమిదేళ్ల కూతురి చేతే నా మాటలు అనువాదం చేయించారు. "నాన్న కొట్టాడు" అని చెప్పి అది తల దించేసుకుంది, నేనిక నోరు విప్పలేదు.

మీరు తెలుగులో మొదట అడిగింది, "పక్కన ఎవరైనా ఉన్నారామ్మా?" అని. పరువు గురించి నా భయాన్ని తీసిపారేయలేదు, వదిలేసి వచ్చెయ్ అనీ అనలేదు (ఎంతమంది అన్నారో ఆ మాట!). వెళ్లిపోయే సమయంలోనే ప్రమాదం ఎక్కువ, ఆయనకి చెప్పి బయల్దేరొద్దు, కాగితాలు, మందులు నమ్మకమైనవాళ్ల దగ్గర దాచుకో, ఈ కాల్ ఫోన్‌లోంచి డిలీట్ చెయ్ అని నిదానంగా చెప్పారు. డిలీట్ చేశాను, అందుకే మీ నంబర్ కూడా లేదు. చాలా థాంక్స్ అక్కా, పాప ఇప్పుడు నిద్రలో ఉలిక్కిపడట్లేదు.