యుద్ధకాలపు లాగ్‌బుక్కులను కాపాడాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో టైగర్ మాత్ అనే శిక్షణ విమానం మీద పైలట్‌గా నేర్చుకున్న మా తాతగారి లాగ్‌బుక్కు, అంటే ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకున్న పుస్తకం, మా బీరువాలో భద్రంగా ఉంది. బ్రేకులు లేని, తోక కింద చక్రానికి బదులు నేల మీద జారే స్కిడ్ ఉన్న ఆ విమానం ఆయన మొదటిసారి ఒంటరిగా దింపినప్పుడు రెండుసార్లు ఎగిరిపడిందనీ, మరోసారి పక్కగాలికి గిర్రున తిరిగి, రెక్క చివర నేలకు రాసుకుని దానికి కప్పిన గుడ్డ చిరిగిందనీ చెప్పేవారు. ఆనాటి పేజీలో ఉన్నది మాత్రం వణికిన అక్షరాలతో ఒక్క వాక్యమే.

1951లో హెచ్‌టీ-2 శిక్షణ విమానం తొలిసారి ఎగిరిన ఈ బెంగళూరులో పాత విమానాలకు మ్యూజియం ఉండటం సంతోషమే. అయితే పాతికేళ్లయినా నిండని కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి నేర్చుకున్న పాఠాలున్న ఇలాంటి పుస్తకాలు ఇళ్లలో చెదలపాలు కాకముందే సేకరించి, స్కాన్ చేయించాలని హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) మ్యూజియం వారిని వేడుకుంటున్నాను. మా పుస్తకం ఇవ్వడానికి మేము సిద్ధం.

— ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు