ఐదంకెల వెనక

ఒరేయ్ శీనూ,

అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. "రోజంతా ఐదంకెలు కొట్టడానికి బీఫార్మసీ చదవాలా?" అన్నావు. బస్సు గోలలో జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

మాది మెడికల్ కోడింగ్, హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల బిల్లులకి కోడ్లు వేయడం. అక్కడ ఏ పరీక్ష చేసినా దానికో ఐదంకెల సీపీటీ కోడ్, అంటే బిల్లులో ఆ పరీక్షని గుర్తించే నంబరు, ఉండాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదలుపెట్టిన లెక్క ఇది. నాకు వచ్చే పని ఎక్కువగా ల్యాబ్‌దే. రక్తంలో రాగి ఎంతో చూస్తే 82525, జింక్ అయితే 84630, మెగ్నీషియం 83735. ఇక్కడిదాకా బట్టీ పట్టినా సరిపోతుంది.

సోడియం దగ్గర నేను దెబ్బతిన్నాను. చేరిన కొత్తలో ఒక పెద్దాయన చార్టు వచ్చింది. సోడియం బాగా పడిపోయి ఆసుపత్రిలో చేరారు. ఒకే రోజు సోడియం పరీక్ష రెండుసార్లు కనబడింది. నేను రెండింటికీ 84295 వేశాను. ఇన్సూరెన్స్ వాళ్ళు "ఒకటే పరీక్షకి రెండు బిల్లులు" అని రెండోది తిప్పికొట్టారు. మా ఆడిటర్ మేడమ్ పిలిచి రిపోర్టు మళ్ళీ చదవమన్నారు. చూస్తే రెండోది మూత్రం శాంపిల్! దాని కోడ్ 84300. రక్తంలో ఉప్పు తగ్గిందని తెలిస్తే చాలదురా, అది మూత్రంలో పోతోందా లేదా అన్నది కూడా డాక్టరుకి తెలియాలి. ఆ రెండో పరీక్ష ఎందుకు చేశారో అర్థమై ఉంటే నేను ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాగని ఒకే కోడ్ రెండుసార్లు వేయకూడదనీ కాదు. సోడియం ఎక్కిస్తున్నప్పుడు కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూస్తారు. అప్పుడు 84295 పక్కన 91 అనే మాడిఫయర్ పెడతాం, అంటే అదే పరీక్ష కావాలనే మళ్ళీ చేశారని చెప్పే గుర్తు. మెషీన్ రీడింగ్ మీద అనుమానం వచ్చి ల్యాబ్ వాళ్ళే మళ్ళీ చేస్తే మాత్రం పెట్టకూడదు.

కాల్షియం ఇంకా సున్నితం. మొత్తం కాల్షియం 82310, అయనైజ్డ్, అంటే రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్నదైతే 82330. ఆ ఒక్క తేడాతో బేసిక్ మెటబాలిక్ ప్యానెల్ (కలిపి చేసే కొన్ని రక్త పరీక్షల గుంపు) కోడే మారిపోతుంది: మొత్తం కాల్షియంతో 80048, అయనైజ్డ్‌తో 80047. నీకిష్టమైన ఫార్మకాలజీ లిథియం దగ్గర పనికొస్తుంది. అదీ మూలకమే, కానీ మందుగా ఇస్తారు కాబట్టి దాని కోడ్ 80178 మందుల స్థాయి కొలిచే విభాగంలో ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది 83655, సీసం. అమెరికాలో పాత ఇళ్ళ గోడల రంగులో సీసం ఉంటుంది, ఆ పెచ్చులూ దుమ్మూ పిల్లల నోట్లోకి పోతాయి. అందుకే మెడికెయిడ్‌లో, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే బీమాలో, ఉన్న పిల్లలకి 12 నెలలకీ 24 నెలలకీ ఈ పరీక్ష తప్పనిసరి. డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే జాగ్రత్త పడాలని 2021లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హద్దు తగ్గించింది, అంతకుముందు 5 ఉండేది. వేలి నుంచి తీసిన చుక్కలో ఎక్కువ చూపిస్తే సిర నుంచి రక్తం తీసి మళ్ళీ చూస్తారు, ఎందుకంటే చర్మం మీది సీసం కూడా ఆ చుక్కలో కలవచ్చు.

ఇక్కడ పరీక్ష కోడ్ ఒక్కటే చాలదు, ఎందుకు చేశారో చెప్పే ఐసీడీ కోడ్ కూడా కావాలి. మామూలు స్క్రీనింగ్ అయితే జెడ్ 13.88, సీసం తగిలిందన్న అనుమానం ఉంటే జెడ్ 77.011. అది తప్పితే క్లెయిమ్ ఆగుతుంది, ఒక్కోసారి బిల్లు ఆ పిల్ల తల్లిదండ్రుల ఇంటికి పోతుంది. డబ్బులకి భయపడి వాళ్ళు రెండో పరీక్షకి రాకపోతే? సీసం చార్టు వచ్చినప్పుడల్లా నాకు అదే టెన్షన్. డాక్టరు నోట్సు చివరి లైను దాకా చదివాకే సబ్మిట్ కొడతాను.

బీఫార్మసీ ఎందుకో ఇప్పుడు తెలిసిందా? వచ్చే ఆదివారం వచ్చెయ్, రూములో ఇంకో మంచం ఖాళీగానే ఉంది. కోడర్లు రాసే సీపీసీ సర్టిఫికెట్ పరీక్షకి నేను చదివిన పుస్తకం ఇస్తాను, కోడ్ల పుస్తకం మాత్రం ఈ ఏటిదే కొనుక్కోవాలి. నీ బయోకెమిస్ట్రీ నోట్సు మర్చిపోకుండా తెచ్చుకో.

నీ
రవి