బండిలో కంప్యూటరా? ముందు వాట్లు అడగండి

సంపాదకులకు,

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల అంగళ్లలో జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటో, ఆన్‌లైన్ ఫారాల పనిని బండిలోనే చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. ఓమ్నీ వెనక సీటు పీకేసి, మామూలు డెస్క్‌టాప్ డబ్బా పెట్టి, ఇన్వర్టర్ తగిలిస్తారు. చలికాలమంతా బాగానే నడుస్తుంది. ఏప్రిల్ దాటిందా, పని మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంది, దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, సాయంత్రానికి బండి సెల్ఫ్ కూడా తీసుకోదు. నెపం ఎండ మీదికి పోతుంది. ఎండ మన చేతిలో లేదు, మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం వింతా కాదు. డబ్బాలో ఎన్ని వాట్లు పెట్టుకున్నామన్నది మాత్రం మన చేతిలోదే. అందుకే తక్కువ కరెంటు తాగే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను (కంప్యూటర్‌లో లెక్కలు చేసే ముఖ్య చిప్) డెస్క్‌టాప్ మదర్‌బోర్డులో వాడే పద్ధతినీ, అందులోని చిక్కులనూ రాస్తున్నాం.

లెక్క చూడండి. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండిలో 55 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ప్రాసెసర్ వేడిని లాగి గాలికి వదిలే రేకుల దిమ్మెను హీట్‌సింక్ అంటారు. ఓ మోస్తరు హీట్‌సింక్ ఒక్కో వాటుకు అర డిగ్రీ చొప్పున ప్రాసెసర్‌ను వేడెక్కనిస్తుంది. 65 వాట్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద పూర్తి పని పడితే 55కు 32 కలిసి 87 అవుతుంది. ఇది హీట్‌సింక్ శుభ్రంగా ఉన్నప్పటి మాట. బొగ్గు గనులున్న సాస్తి, ఘుగ్గుస్ వైపు నాలుగు వారాలు తిరిగితే రేకుల మధ్య బొగ్గుదుమ్ము పేరుకుంటుంది. ఆ అర డిగ్రీ కాస్తా ఒక డిగ్రీ అయ్యిందంటే లెక్క 120కి పోతుంది. అంతదాకా పోనివ్వకుండా 100 దగ్గరే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి తగ్గకపోతే ఆరిపోతుంది. అదే దుమ్ములో, అదే ఎండలో 15 వాట్ల ప్రాసెసర్ 70 దగ్గర నిలబడుతుంది.

కరెంటు సంగతీ అంతే. ఇన్వర్టర్ 12 వోల్టులను 230 చేస్తుంది, డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే సప్లై) మళ్లీ దాన్ని 12 చేస్తుంది. మొదటి దగ్గర 15 శాతం, రెండో దగ్గర 20 శాతం వేడిగా పోయాయనుకుంటే, 100 వాట్ల పనికి బ్యాటరీ ఇచ్చుకోవాల్సింది 147 వాట్లు, అంటే 12 ఆంపియర్లు. ఇంజను ఆపి వాడితే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో సగం గంటన్నరకే అయిపోతుంది. సగానికి మించి తోడితే సెల్ఫ్ మోటారుకు బలం మిగలదు, బ్యాటరీ ఆయుష్షూ తరుగుతుంది. 30 వాట్ల కంప్యూటర్‌ను నేరుగా డీసీ నుంచి డీసీకి మార్చే సప్లైతో నడిపితే పడేది మూడు ఆంపియర్ల లోపే, ఆ సగం బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది. తెర కరెంటు దీనికి అదనం. లేజర్ ప్రింటర్‌ను మాత్రం బండి ఎక్కించకండి. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఇంక్ ట్యాంకు ప్రింటర్‌కు అచ్చువేసేటప్పుడు కూడా 10-15 వాట్లు చాలు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇరవై ఏళ్ల కిందట ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ-ఎం అనే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ డెస్క్‌టాప్‌లో వాడే 462 పిన్నుల సాకెట్‌లోనే (బోర్డు మీద ప్రాసెసర్ దిగే గూడు) కూర్చునేది. డెస్క్‌టాప్ అథ్లాన్ ఎక్స్‌పీ 2500+ మోడల్ 1.65 వోల్టుల మీద 68 వాట్లు తీసుకుంటే, దాదాపు అదే వేగం ఉన్న ఎక్స్‌పీ-ఎం 2500+ 1.45 వోల్టుల మీద 45తో సరిపెట్టుకునేది. వేడి వోల్టేజీ వర్గం (స్క్వేర్) చొప్పున మారుతుంది కాబట్టి ఆ 0.2 వోల్టు తగ్గడంతోనే 23 శాతం తగ్గినట్టు. ఇంటెల్ పెంటియం 4-ఎం కూడా 478 సాకెట్‌లో దిగేది కానీ, వేగం మార్చమని చెప్పే సంకేతం డెస్క్‌టాప్ బోర్డు ఇవ్వదు. 2.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ 1.2 దగ్గరే ఉండిపోయేది. కొన్నవాళ్లు ప్రాసెసర్ చెడిందనుకునేవారు.

పెంటియం ఎం (2004 నాటి డోథాన్ అయితే 21 వాట్లు, ఇంకా వేగంగా సమాచారం మోసే 533 బస్సు రకమైతే 27) వీటన్నిటికంటే మెరుగు. దాని సాకెట్ పేరు 479, పెంటియం 4ది 478. పేరులో ఒక్క అంకె తేడాయే కదా అని బలవంతంగా నొక్కకండి, పిన్నుల పొందిక వేరు, కరెంటు దారులూ వేరు. 2005లో ఆసుస్ తెచ్చిన సీటీ-479 అడాప్టర్‌తో, బయాస్ (బోర్డును లేపే లోపలి ప్రోగ్రాం) మార్చి, ఎంపిక చేసిన కొన్ని బోర్డుల్లోనే అది నడిచింది. ఎఒపెన్, డీఎఫ్ఐ సంస్థలు ఇంటెల్ 855 చిప్‌సెట్‌తో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) దానికోసమే డెస్క్‌టాప్ బోర్డులు చేశాయి. సెకండ్‌హ్యాండ్‌లో వీటిలో ఏదైనా చేతికొస్తే సరదాకు బిగించుకోవచ్చు, అంగడి పనికి మాత్రం వద్దు. నేటి బ్రౌజర్ల బరువు అవి మోయలేవు.

ఇక నేటి మాట. ఇంటెల్ ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు సాకెట్‌లో రావడం లేదు, బోర్డుకే అతికి వస్తున్నాయి. అలాంటి ప్రాసెసర్‌ను చిన్న పచ్చ పలక మీద అతికించి, డెస్క్‌టాప్ సాకెట్‌లో పట్టేలా చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అవి కంపెనీ అమ్మే సరుకు కావు. బోర్డులో మార్చిన బయాస్ ఎక్కించనిదే అవి లేవవు. చేసి తీరాలనుకుంటే ముందు అసలు బయాస్‌ను సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో (చిప్‌లోనిది చదివి, రాసే చిన్న పరికరం) రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని చూసుకుని దాచాలి. బయాస్ చిప్ 1.8 వోల్టులదైతే నడుమ అడాప్టర్ ఉండాలి, 3.3 వోల్టులు నేరుగా ఇస్తే చిప్ పోతుంది. బతుకుదెరువు బండికి ఈ జూదం వద్దనే మా మాట.

దానికి బదులు ఎన్100 ప్రాసెసర్ అతికించి వచ్చే మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు తీసుకోండి. ఆ ప్రాసెసర్ 2023లో వచ్చింది, నాలుగు కోర్లు, రేటింగ్ 6 వాట్లు. పని ఎక్కువైనప్పుడు దాన్ని మించి తీసుకుంటుంది కాబట్టి మొత్తం బోర్డుకు 25-30 వాట్ల లెక్క వేసుకోవాలి. ఇప్పటికే డెస్క్‌టాప్ బోర్డు ఉన్నవాళ్లు, మోడల్ నంబరు చివర టీ అక్షరం ఉన్న 35 వాట్ల ఇంటెల్ ప్రాసెసర్ వేసుకోవచ్చు. లేదా బయాస్‌లో పవర్ లిమిట్ సౌకర్యం ఉంటే 65 వాట్లదాన్నే 35కు కట్టేయవచ్చు. ఫారాలు నింపే పనిలో ఆ తేడా కంటికి కనిపించదు.

బిగింపులో తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద లోహపు మూత ఉండదు, సిలికాన్ బిళ్ల బయటికే ఉంటుంది. హీట్‌సింక్‌ను ఒక మూల గట్టిగా బిగించాక రెండో మూలకు వెళితే, వాలిన అంచు బిళ్ల మూలను చిట్లగొడుతుంది. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల్లో అర తిప్పు చొప్పున బిగించాలి. రెండోది ఎత్తు. మూత లేనందువల్ల డెస్క్‌టాప్ హీట్‌సింక్ బిళ్లను తాకకుండా పైనే ఆగిపోవచ్చు. వేడిని దాటించే థర్మల్ పేస్టు పలుచగా రాసి, ఒకసారి బిగించి, విప్పి చూడండి. రెండు వైపులా పేస్టు అచ్చు సమంగా పడితే తాకినట్టు. పడకపోతే పలుచటి రాగి రేకు నడుమ పెట్టాలి, పేస్టు గుట్టపోసి సందు నింపకూడదు. ఎత్తైన కూలర్లు గతుకులకు ఊగి బోర్డును వంచుతాయి, పొట్టిదే వాడండి.

సప్లై దగ్గరే ఎక్కువ బోర్డులు పోతున్నాయి. బండిలో 12 వోల్టులన్నది పేరుకే. ఇంజను నడిస్తే 14.4 దాకా పోతుంది, సెల్ఫ్ కొట్టిన క్షణంలో 8కి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. చవకరకం పికో సప్లైల్లో (బోర్డుకు నేరుగా తగిలించే బుల్లి సప్లైలు) చాలావరకు వచ్చిన 12ను వచ్చినట్టే బోర్డుకు పంపుతాయి. కాబట్టి 6 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకునే ఎం4-ఏటీఎక్స్ లాంటి బండి సప్లైనే వాడాలి. దానికి ఇగ్నిషన్ వైరు కూడా ఇస్తే, తాళం తీసిన కొంతసేపటికి విండోస్‌ను పద్ధతిగా మూయించి, ఆపైన కరెంటు పూర్తిగా కోస్తుంది. కొన్ని ఎన్100 బోర్డులకు 19 వోల్టుల జాక్ ఉంటుంది. వాటికి 12ను 19 చేసే కారు ల్యాప్‌టాప్ చార్జర్ సరిపోతుంది, కానీ తాళం తీస్తే కంప్యూటర్‌ను మూయించడం దానికి తెలియదు.

వైరు బ్యాటరీ నుంచే లాగాలి, లైటర్ సాకెట్ నుంచి కాదు. గతుకుల్లో ఆ సాకెట్ పట్టు వదులుతుంది, రీస్టార్టులకు అది కూడా ఓ కారణం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 10 ఆంపియర్ల ఫ్యూజు. నాలుగు మీటర్ల దూరం లాగినా 4 ఆంపియర్ల దగ్గర పావు వోల్టే పడిపోతుంది, అదే వైరులో 12 ఆంపియర్లు పారితే ముప్పావు వోల్టు. నెగెటివ్ బాడీకి ఇస్తే బోల్టు కింద రంగు గీకి ఇవ్వండి.

డబ్బాను డ్యాష్‌బోర్డు మీద కాకుండా సీటు కింద, రబ్బరు బుష్‌ల మీద పెట్టాలి. హార్డ్‌డిస్కు బదులు తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయండి. వానలు మొదలయ్యే ముందు, అంటే జూన్ మొదటి వారంలో, ఒక్కసారి విప్పి దుమ్ము దులపండి. ఎండలో గాలికి అడ్డుపడడమే ఆ బొగ్గుదుమ్ము చేసే చెడుపు, చెమ్మ తగిలితే బోర్డు మీద కరెంటు కారడానికి దారి ఇస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గిరగిరా తిరిగిన ఫ్యాను జనరేటర్‌లా బోర్డుకే కరెంటు తోస్తుంది.

ఇట్లు,
కంప్యూటర్, ఆటో ఎలక్ట్రికల్ పనివాళ్లు కొందరు,
బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర